సన్నగా వెలిగిన ఎర్ర లైటు



పోయిన డిసెంబరులో ఒక ఆదివారం ఆరాధనలో మేము ఒక సాక్ష్యం చెప్పాం. రాత్రివేళ లంబసింగి ఘాట్‌లో మన జీపు లైట్లు ఆరిపోతే, దేవుడు ఒక తల్లినీ కడుపులోని బిడ్డనూ ఎలా కాపాడాడో వివరించాం. మీరు చప్పట్లు కొట్టి దేవుని స్తుతించారు. ప్రియులారా, మేము చెప్పింది నిజమే గానీ, సగం నిజం. మిగిలిన సగం ఇవాళ చెప్పడానికి కూర్చున్నాం.

ఆ రాత్రి పన్నెండు దాటాక కొండ ఊరి నుంచి మన సహోదరి అత్తగారు పిలిపించింది. కోడలికి నొప్పులు మొదలయ్యాయి. అక్కడ ఫోను సిగ్నలు లేదు. మట్టిదారిలో దిగగలిగేది మన పాత జీపు ఒక్కటే. నర్సీపట్నం ఆసుపత్రికి బయలుదేరాం. ఘాట్ దిగేటప్పుడు మంచు. డిసెంబరులో లంబసింగి మంచు మీకు తెలుసు, చెయ్యి చాపితే వేళ్లు కనబడవు. ఫాగ్ లైట్లు, హెడ్‌లైట్లు, వైపరు అన్నీ వేశాం. నాలుగు మలుపులు తిరిగేసరికి లైట్లు పసుపు రంగుకు మారాయి. ఇంకో రెండు మలుపుల తర్వాత నిప్పుకణికల్లా అయిపోయాయి. పాత డీజిల్ ఇంజను కాబట్టి, ఒకసారి అందుకున్నాక కరెంటు లేకపోయినా నడుస్తూనే ఉంది. కానీ దారి కనపడకపోతే ఇంజను నడిచి ఏం లాభం?

మన యౌవనస్థుడు ఒకడు సెల్ టార్చి పట్టుకుని ముందు నడిచాడు. మేము వాడి వెనక నడక వేగంతో జీపు దించాం. వెనక సీట్లో ఆ బిడ్డ మూలుగు వినబడుతూనే ఉంది. దాదాపు గంట తర్వాత కూరగాయల వ్యాను ఒకటి వచ్చింది. ఆ డ్రైవరు ఆగి, తల్లిని ఎక్కించుకుని ఆసుపత్రికి చేర్చాడు. తెల్లవారకముందే మగబిడ్డ పుట్టాడు. ఇంతవరకే మీకు చెప్పాం.

చెప్పనిది ఇది. ఆ రాత్రికి రెండు వారాల ముందు నుంచే జీపు డాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర లైటు వెలుగుతోంది. పగలు కనిపించేది కాదు. చీకటిలో మాత్రం సన్నగా, ఆరిపోబోయే అగరువత్తిలా కనిపించేది. పూర్తిగా వెలిగితే ఆగి ఉండేవాళ్లమేమో. సన్నగా వెలిగింది కనుక, 'క్రిస్మస్ కూడికలు అయ్యాక చూద్దాంలే' అనుకున్నాం. అంతకు ముందు ఆగస్టులో, ఉదయం సెల్ఫ్ కొడితే టక్ మని ఒక్క చప్పుడు వచ్చి ఆగిపోతోందని, మీ కానుకల్లోంచి 6,200 రూపాయలు పెట్టి కొత్త బ్యాటరీ వేయించాం. పాతది దుకాణంలో మార్పిడికి ఇచ్చేశాం. ఎందుకు దిగిపోతోందో అడగలేదు.

ఘాట్ రాత్రి తర్వాత జీపును నర్సీపట్నంలో ఒక పెద్ద వయసు ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకు తోలించాం. మేము దిగుతూనే, "మేస్త్రీ, బ్యాటరీ మళ్లీ పోయింది" అన్నాం. ఆయన నవ్వి, "పోయిందో లేదో మీటరు చెబుతుంది పాస్టరు గారూ, మనం కాదు" అన్నాడు.

మనలో ట్రాక్టర్లు, ఆటోలు, జీపులు నడిపేవాళ్లు ఉన్నారు కనుక ఆయన చేసిన పని వరుసగా రాస్తున్నాం. మొదట ఇంజను ఆపి ఉండగా బ్యాటరీ మీద మీటరు పెట్టాడు. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. మాది 11.9, అంటే దాదాపు ఖాళీ. దాన్ని చార్జింగుకు పెట్టి, తర్వాత లోడు పెట్టి చూసి, "బ్యాటరీ బంగారం లాగుంది" అన్నాడు. తర్వాత ఫ్యాను బెల్టు బొటనవేలితో నొక్కాడు. అర అంగుళం లోపే వంగింది, అదీ బాగుంది. టెర్మినళ్ల మీద తెల్లపొడి లేదు. ఇంజను స్టార్ట్ చేసి, లైట్లన్నీ వేసి మళ్లీ కొలిచాడు. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 13.8 నుంచి 14.4 దాకా రావాలి. మాకు 12.3 వచ్చింది.

"అయితే డైనమో పోయినట్టే" అన్నాం తొందరపడి. ఆయన మాట్లాడకుండా ఆల్టర్నేటరు వెనక ఉన్న బోల్టు మీద మీటరు పెట్టాడు. 14.3! పుట్టిన చోట కరెంటు నిండుగా ఉంది. బ్యాటరీకి చేరేసరికి రెండు వోల్టులు దారిలోనే పోతున్నాయి. ఆ రెండు చివరల తేడా వల్లే ఎర్ర లైటు సన్నగా వెలిగిందని చెప్పాడు. "డైనమో బాగుంది, బ్యాటరీ బాగుంది. మధ్యలో దారే బాగాలేదు."

లావు వైరు వెంట చెయ్యి పోనిస్తూ ఒకచోట ఆగాడు. నల్లటేపు విప్పితే లోపల రాగి పచ్చగా పొడిలా రాలింది. ఎవరో వైరు చెక్కి, ఇంకో వైరు మెలిపెట్టి టేపు చుట్టారు. వానకు, బురదకు నీళ్లు చేరి రాగి తినేసింది. "ఈ అతుకు ఎవరు వేశారు?" అని అడిగాడు. మా నోట మాట రాలేదు. రెండేళ్ల క్రితం సువార్త కూడికల్లో మైకు, యాంప్లిఫయరు నడపడానికి మేమే దగ్గరుండి వేయించిన అతుకు అది.

కొత్త వైరు, కొత్త లగ్గులు వేసి, మైకుకు వేరే వైరు, ఫ్యూజు పెట్టాడు. ఇప్పుడు బ్యాటరీ దగ్గర 14.2. ఖర్చు కొత్త బ్యాటరీలో పదో వంతు కూడా కాలేదు. వస్తుంటే రెండు జాగ్రత్తలు చెప్పాడు. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు తీయాలి, బిగించేటప్పుడు మైనస్ ఆఖరున పెట్టాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి డైనమోను పరీక్షించకూడదు, లోపల డయోడ్లు కాలిపోతాయి.

ఇంటికి వస్తూ దారంతా ఆ అతుకు గురించే ఆలోచించాం. ప్రియులారా, దేవుని యొద్ద కొదువ లేదు. మేమూ పాడైపోలేదు. కానీ ఆయనకూ మాకూ మధ్య ఉన్న దారిలోనే, పరిచర్య పేరుతో ఒక అతుకు వేసుకున్నాం. ఉదయకాల ప్రార్థన సమయంలోంచి కొంత ఫోన్లకు, కొంత కూడికల ఏర్పాట్లకు, కొంత కమిటీ తగాదాలకు మెలిపెట్టాం. మైకులో గొంతు గట్టిగానే వినిపించింది. ఇంజను నడుస్తూనే ఉంది. లోపల మాత్రం నిండడం లేదు. యోహాను సువార్త 15వ అధ్యాయంలో ప్రభువు ద్రాక్షావల్లి, తీగెల సంగతి చెప్పింది ఇందుకే కదా. తీగె అంటుకున్నట్టే పైకి కనిపించవచ్చు. రసం పారుతోందా లేదా అన్నదే ప్రశ్న. మనం పడిపోయిన ప్రతిసారీ కొత్త బ్యాటరీ కొన్నట్టు కొత్త తీర్మానం, కొత్త ఉపవాసం, కొత్త ప్రసంగీకుడు అంటాం. టేపు విప్పి చూడం.

ఇంకొక మాట. దేవుడు ఆ రాత్రి కాపాడాడు, అందులో సందేహం లేదు. అయితే ఆయన కృపను మా నిర్లక్ష్యం మీద దుప్పటిలా కప్పి మీకు సాక్ష్యంగా చెప్పాం. అది తప్పు. క్షమించండి. సంఘ పెద్దల ముందు ఒప్పుకున్నాం. ఆ 6,200 రూపాయలు నెలనెలా మా జీతంలోంచి సంఘానికి తిరిగి కడుతున్నాం.

కొండ ఊరికీ వెళ్లాం. ఆ అత్తగారు మనవణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఎర్ర లైటు సంగతి అంతా చెప్పాం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. పిల్లవాడి తల నిమురుతూ చివరికి, "ఇప్పుడు బాగు చేయించారా అయ్యగారూ?" అని మాత్రం అడిగింది.

"చేయించాం అమ్మా" అన్నాం.

జీపు గురించైతే ఆ జవాబు నిజం. మా గురించి కూడా నిజమయ్యేలా మీరు ప్రార్థించండి. మీ జీవితంలో సన్నగా వెలుగుతున్న లైటు ఏదైనా ఉంటే, పండుగ అయ్యేదాకా ఆగకండి. ప్రభువు కృప మీకు తోడై యుండును గాక. ఆమేన్.