దారము ఏరుకొనుట



క్రిస్మసు దగ్గర పడగానే మన ఇండ్లలో బహుమానముల మాట వచ్చును. కొని ఇచ్చునది ఒకటి, చేసి ఇచ్చునది మరియొకటి. చేసి ఇచ్చుదానిలో రాత్రులును, కండ్లును, వ్రేళ్లును ఖర్చగును. ఇంత ఖర్చు పెట్టి, దారము దగ్గర మాత్రము నాలుగు రూపాయలు మిగుల్చుకొనువారిని చూచి నేను నొచ్చుకొందును.

హైదరాబాదులోని కొత్తపేటలో మా సంఘపు బిడ్డ ఒకతె కాలేజీలో చదువుకొనుచు, పాలకొల్లు దగ్గర పల్లెలోనున్న తన అమ్మమ్మకు క్రోషియాతో శాలువ అల్లదలచెను. దిల్‌సుఖ్‌నగర్‌లో నమూనాకు ఒక ఉండ కొని తెచ్చి, "అయ్యగారూ, మంచి ఊలు దొరికిందండీ" అని చూపినది. చీటీ త్రిప్పి చూడగా నూటికి నూరు పాళ్లు యాక్రిలిక్ అని యున్నది. మెత్తగా లావుగా ఉన్న దారమునంతటిని అంగళ్లలో ఊలు అనియే పిలుచుచున్నారు. యాక్రిలిక్ పెట్రోలియమునుండి పుట్టినది. అది గొఱ్ఱె ముఖము చూచి యెరుగదు.

చీటీ లేకపోయినను పరీక్ష యున్నది. ప్రక్కన నీళ్లు పెట్టుకొని, పళ్లెములో జానెడు దారమును అగ్గిపుల్లతో అంటించుడి. నూలైతే కాగితమువలె మండి మెత్తని బూడిద మిగులును. ఉన్నియైతే వెండ్రుకలు కాలిన వాసన కొట్టి, మంట తీయగానే తానే ఆరును. యాక్రిలిక్ కరిగి, నల్లగా పొగచూరి, గట్టి పూసవలె ముద్దకట్టును. అట్లు కరిగినది ఒంటికి అంటుకొన్నయెడల ఏమగునో మీరే ఆలోచించుడి. ఆ ముసలమ్మ ఇంకను కట్టెల పొయ్యి దగ్గర కూర్చుండునది. నూలు మాత్రము నిప్పుకు ఎదురు నిలుచునా? అదియు మండునదే. గనుక శాలువ కప్పుకొని పొయ్యి దగ్గరకు పోవద్దని చెప్పియే ఇయ్యవలెను.

ఉన్ని మంచిదే. కాని మన దక్కను గొఱ్ఱెల ఉన్ని గొంగడికి తగిన ముతక. ముడతలు పడిన చర్మమునకు గుచ్చుకొనును. పైగా గోదావరి తీరపు ఉక్కలో ఉన్ని ఎన్ని దినములు కప్పుకొనును? నూలు చెమటను పీల్చును, తడిసినప్పుడు మరింత బలముగా నుండును, మాటిమాటికి ఉతుకుటకు ఓర్చును. దానికున్న లోపము బరువు. పెద్ద శాలువ వ్రేలాడి సాగును.

అంతకంటె పెద్ద సంగతి ఒకటి యున్నది. ఆ అమ్మమ్మ లేసు అల్లినది! నరసాపురము ప్రాంతమున 1844లో స్కాట్లండు మిషనెరీలు ఈ పని నేర్పిరని చెప్పుదురు. విచిత్రమేమనగా, ఇంగ్లండులో జాన్ మెర్సర్ అనునతడు నూలును కాస్టిక్ సోడాలో ముంచు పద్ధతిని కనిపెట్టినదియు 1844లోనే. తరువాత 1890లో హొరేస్ లో అనునతడు దారమును బిగలాగి పట్టి ముంచగా పట్టువంటి మెరుపు వచ్చెను. నేడు లేసుకు వాడు మెర్సరైజ్డ్ దారము అదియే. నరసాపురము లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దొరకినది. సంతోషమే. అయితే గంటల తరబడి అల్లిన ఆ స్త్రీలను పనివారిగా ఎవరు లెక్కించిరి? ఇంటిపట్టున కాలక్షేపమనిరి. మరియా మీస్ అను జర్మను విదుషి 1982లో వారిని గూర్చి ఒక గ్రంథమే ప్రకటించినది.

గనుక, "మీ అమ్మమ్మ వ్రేళ్లను మోసపుచ్చలేవమ్మా" అంటిని. మెరుపు దారము లేసుకు సొగసు. ఒంటిమీది శాలువకు మెరుపులేని, వదులుగా పేనిన నూలు హాయి. రంగు తొట్టి మారితే ఛాయ మారును గనుక, చీటీమీద ఒకే లాటు సంఖ్యగల ఉండలన్నియు ఒక్కసారే కొనుమంటిని. ముందు నాలుగంగుళముల ముక్క అల్లి, కొలిచి, ఉతికి, ఆరవేసి మరల కొలిచినచో ఎంత క్రుంగునో తెలియును. (పసిబిడ్డలకు అల్లువారలారా, పెద్ద రంధ్రముల అల్లిక వద్దు, చిన్ని వ్రేళ్లు చిక్కుకొనును.)

ఆమె తెల్లని నూలు కొన్నది. రెండు నెలలు పట్టినది. పండుగకు వెళ్లి వచ్చి, జరిగినది నాకు చెప్పినది. ముసలమ్మకు చూపు ఇంచుమించు లేదు. అంచును బొటనవ్రేలితో రుద్ది, "నూలే" అన్నదట. బాగున్నదనిగాని, ఎందుకింత శ్రమ పడితివనిగాని అనలేదు.

"ఎన్ని ఉండలు పట్టిందే?" అని అడిగినదట.

ఏజెంటు దారము తెచ్చి ఇచ్చి, ఖర్చయిన ఉండలనుబట్టి కూలి కట్టిన దినములు ఆమెవి. మనుమరాలు లెక్క పెట్టుకొనలేదు. అప్పుడు ముసలమ్మ శాలువను ఒడిలో పరచుకొని, వరుస తరువాత వరుస తడుముచు, తానే లెక్క పెట్టనారంభించెను.