పదకొండు మందికి మూడు గదులు



పోయిన మీటింగులో మన సంఘం సభ్యులొకరు అడిగినారు: "ఎండాకాలం సెలవులకు పిల్లల్ని రామోజీ ఫిలింసిటీకి తీసుకుపోదామనుకుంటున్నాం. ఇంట్లో పది మందిమి. రూములెట్లా తీసుకోవాల?" అని. మేము డిసెంబరు సెలవుల్లో పోయివచ్చినామని ఆయనకు తెలుసు. అప్పుడు నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ముందు మా లెక్క. మేమిద్దరం, మా పాపకు 14, బాబుకు 9. తమ్ముడు, మరదలు, వాళ్ల ముగ్గురు పిల్లలు 8, 6, 3 ఏళ్ల వాళ్లు. అమ్మ. ఆదోనిలో ఉండే పెద్దమ్మ. మొత్తం 11 మంది.

పెద్దమ్మకు 76 ఏళ్లు. ఆమె పుట్టినప్పుడు ఆదోని కూడా బళ్లారి జిల్లాలోదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయినాయి, బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. మన ఇళ్లలో ఇది కొత్త కథేం కాదు. అక్క ఆ పక్క, చెల్లెలు ఈ పక్క. బస్సులో రెండు గంటల దారే, అయినా వీళ్లిద్దరూ కలిసేది పెళ్లికో, కర్మకో. అప్పుడు కూడా వంటపనిలోనే పొద్దుపోతుంది.

మాకు ఈ రూముల విషయంలో ముందే ఒక దెబ్బ తగిలింది. రెండేళ్ల కింద బెంగళూరుకు పోయినప్పుడు, వండర్‌లా చూడాలని సిటీలో ఒక హోటల్లో ఆన్‌లైన్‌లో రెండు 'కనెక్టింగ్ రూములు' తీసుకున్నాం. పేరెందుకులెండి. రాత్రి పదికి పోయి చూస్తే ఒకటి రెండో అంతస్తులో, ఇంకోటి నాలుగో అంతస్తులో. పైగా ఒక్కో రూముకు ముగ్గురికంటే ఎక్కువైతే కుదరదన్నారు. మేము కౌంటరు దగ్గర వాదిస్తా ఉంటే, అమ్మ బ్యాగు ఒళ్లో పెట్టుకొని సోఫాలో గంటన్నర కూర్చుంది. ఒక్క మాటా అనలేదు. తను ఎక్కువైన మనిషి అని ఆమెకు అర్థమైపోయింది. అది మాకు ఇప్పటికీ తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

అందుకే ఈసారి ఆన్‌లైన్‌లో నొక్కకుండా ముందు కాగితం మీద వేసుకున్నాం. ఫిలింసిటీ 1996లో మొదలైంది, హైదరాబాదు దాటి విజయవాడ రోడ్డులో ఉంది. లోపలే ఉండే వసతులు రకరకాలు. సితార, తార పెద్ద హోటళ్లు. శాంతినికేతన్ తక్కువ ఖర్చుది. వసుంధర విల్లా కుటుంబాలకు, గుంపులకు. సహారా డార్మిటరీ పద్ధతిలో, పెద్ద గుంపులకు. లోపలే దిగితే పిల్లలూ ముసలివాళ్లూ అలిసిపోయినప్పుడు దగ్గరుంటుంది.

మా మొదటి లెక్క ఇట్లా వేసినాం: మూడు రూములు, ఇద్దరు ముసలివాళ్లను చెరొక కుటుంబంతో పెట్టాలి, అమ్మ మాతో, పెద్దమ్మ తమ్ముడి వాళ్లతో. మూడో రూములో పెద్ద పిల్లలు. కాగితం మీద బాగానే కుదిరింది. ఆదోనికి ఫోన్ చేస్తే పెద్దమ్మ, "నాకెందుకు నాయినా, మీరు పోయిరాండి. నేను రాత్రి నాలుగుసార్లు లేస్తా. పసిపిల్లల నిద్ర చెడుతుంది" అనింది. ఎంత బతిమాలినా అదే మాట. ఫోన్ పెట్టినాక అమ్మ వంటింట్లో నుంచే అనింది: "మమ్మల్ని బ్యాగులు పంచినట్ల పంచినారు కదరా."

ఆ మాటతో కాగితం చించేసినాం. హోటళ్ల లెక్కలో కుటుంబమంటే ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు. ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్‌లో కూడా చాలా మామూలు గదులు నలుగురికే. ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ అనే వాళ్ల రిసార్టులో ఆరుగురు పట్టే ఫ్యామిలీ స్యూట్లు ఉన్నాయి కానీ ఖర్చు వేరు. ఆ నలుగురి లెక్కలో మనం మన ఇంటిని ఇరికిస్తాం. మిగిలిపోయేది ఎప్పుడూ ముసలివాళ్లే. "ఎక్స్‌ట్రా బెడ్" అని రాసే చోట పెట్టేది వాళ్లనే.

ఈసారి తిరగేసి మొదలుపెట్టినాం. మొదటి రూము అక్కాచెల్లెళ్లది. రాత్రి అవసరముంటే లేపడానికి మా పాపకు అక్కడే ఎక్స్‌ట్రా బెడ్. ఆ తర్వాత మేమిద్దరం, మా బాబు, తమ్ముడి పెద్దవాడు. మూడోదాంట్లో తమ్ముడు, మరదలు, చిన్నపిల్లలిద్దరు. 3, 4, 4. అవే మూడు రూములు, ఒక్క రూపాయి కూడా పెద్దగా తేడా రాలేదు. పెద్దమ్మకు ఫోన్ చేసి "నువ్వూ అమ్మా ఒక రూములో" అంటే, కాసేపు మాట్లాడలేదు. తర్వాత "స్వెట్టర్ తెచ్చుకోవాల్నా?" అని అడిగింది.

రూములు అడిగేటప్పుడు మేము నేర్చుకున్నవి ఇవి. ఫోన్ చేసి, 11 మంది వయసులూ ముందే చెప్పండి. పిల్లలకు ఏ వయసు దాకా చార్జీ లేదు, ఏ వయసు నుంచి పెద్దవాళ్ల లెక్క అనేది ఒక్కోచోట ఒక్కోరకం. "కనెక్టింగ్" అంటే మధ్యలో తలుపు ఉందా, పక్కపక్క రూములేనా అని విడమరచి అడగండి. లిఫ్టు ఉందా, బాత్‌రూములో వెస్టర్న్ కమోడ్ ఉందా అడగండి. ఒప్పుకున్నదాన్ని మెసేజ్‌లో రాయించుకోండి. ఇంకోటి, 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు ₹7,500 దాకా ఉన్న రూముకు జీఎస్‌టీ 5 శాతం, దాటితే 18 శాతం. ఒక పెద్ద స్యూట్ కంటే రెండు చిన్న రూములు చవక కావడానికి ఇది కూడా కారణమవుతుంది. పెద్దవాళ్లందరి ఆధార్ కార్డులు ఒకే కవర్లో పెట్టుకోండి.

టెంపో ట్రావెలర్ మాట్లాడుకొని తెల్లవారుజామున బయలుదేరినాం. హగరి, ఆలూరు మీదుగా ఆదోనిలో పెద్దమ్మను ఎక్కించుకొని, రాయచూరు, మహబూబ్‌నగర్, అక్కణ్నుంచి ఔటర్ రింగ్ రోడ్డు. దారిలో తినడానికి మరదలు ఉగ్గాణి కట్టింది. మూడు రూములూ ఒకే వరసలో ఇచ్చినారు. పిల్లల సంబరం గురించి చెప్పనక్కర్లేదు, ఫోటోలు గ్రూపులో చూసే ఉంటారు.

రాత్రి ఒంటిగంటప్పుడు కూడా పక్క రూములో మాటలు వినబడతానే ఉన్నాయి. పొద్దున్నే పాప మమ్మల్ని పక్కకు పిలిచి చెప్పింది: "ఆదోని అవ్వకు ఎడమ కన్ను మూడు నెలలుగా మసకగా ఉందంట. ఎవరికీ చెప్పలేదంట. రాత్రి మా అవ్వకు చెప్పింది."

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు పెద్దమ్మను ఆదోనిలో దింపలేదు. నేరుగా బళ్లారికి తెచ్చుకున్నాం. శుక్లం ముదిరిందన్నారు, ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఫోన్లో వాట్సాప్ మెసేజ్‌లు తనే చదువుకుంటా ఉంది, ఇది కూడా చదువుతుంది.

కాబట్టి అడిగినాయనకు మా జవాబు ఒకటే. రూములు పంచేటప్పుడు ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లతో మొదలుపెట్టండి, వాళ్లు ఎవరి పక్కన పడుకోవాలనుకుంటున్నారో వాళ్లనే అడగండి. మిగిలిన లెక్క అదే కుదురుతుంది. మీలో ఎవరైనా పెద్ద కుటుంబంతో ఇట్లా పోయివచ్చి ఉంటే, ఎక్కడ దిగినారో, ఎట్లా సర్దుకున్నారో కింద రాయండి. ఎండాకాలం సెలవులకు పోయేవాళ్లకు పనికొస్తుంది.