పడ్డవాడు చెడ్డవాడు కాడు

డెన్వర్‌లో ఉండే మన తెలుగువాళ్ళకు మంచు అంటే ఇంటి చాకిరీల్లో ఒకటి. పొద్దున్నే పార పట్టుకుని వాకిలి తోడాలి, మెట్ల మీద ఉప్పు చల్లాలి, కారు అద్దం మీద గడ్డకట్టిన పొరను గీకాలి. ఇంటి ముందు కాలిబాట మీద మంచు తీయకుండా వదిలేస్తే నగరపాలక సంస్థ జరిమానా వేస్తుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఒక గుప్పెడు మంచు చేతిలోకి తీసుకుని ఫోటో దిగుతారు. ఆ ముచ్చట తీరాక అందరం కలిసి ఎండ కోసం ఎదురుచూస్తాం.

ఊరికి పడమట గంట, గంటన్నర దూరంలో ప్రపంచం నలుమూలల నుంచి జనం విమానాలెక్కి మరీ వచ్చే మంచుకొండలున్నాయి. వాటిని చూడటానికి మనం వేసవిలో వెళ్తాం. చలికాలంలో వెళ్ళినా పిల్లలను పాఠానికి దింపి, లాడ్జిలో కిటికీ పక్కన బల్ల చూసుకుని కూర్చుంటాం. పులిహోర డబ్బా, ఫ్లాస్కులో టీ, గ్రీన్‌కార్డు కబుర్లు, ఇళ్ళ ధరలు. నేనూ ఆ బల్ల దగ్గర కొన్ని చలికాలాలు గడిపినదాన్నే. అవతల మా అమ్మాయి స్నోబోర్డు మీద జారుతూ వచ్చి కిటికీ ముందు ఆగేది, చెయ్యి ఊపేది, మళ్ళీ లిఫ్టు వైపు పోయేది. దాని సంబరం చూసి చూసి చివరికి నాకూ ఆశ పుట్టింది.

ఇంట్లో చెబితే మా ఆయన, "నలభై దాటాక విరిగిన ఎముక అతకడానికి ఎన్ని నెలలు పడుతుందో తెలుసా?" అన్నారు. మా అమ్మ ఖమ్మం నుంచి వీడియో కాల్లో, "అక్కడ ఆసుపత్రి బిల్లు చూస్తేనే గుండె ఆగుతదంటరు. నీకెందుకే ఈ సోకులు?" అంది. మా అమ్మాయి మాత్రం, "రా అమ్మా. కానీ నేను నేర్పను, టీచర్ దగ్గర నేర్చుకో" అంది. ముగ్గురిలో పనికొచ్చే మాట చెప్పింది అదే.

వెళ్ళింది లవ్‌ల్యాండ్ అనే స్కీ రిసార్టుకి. ఐ-70 రహదారి మీద ఐసెన్‌హోవర్ సొరంగం మొదలయ్యే చోట, రోడ్డు పక్కనే ఉంటుంది. తెలుగునేలలో ఎంత ఎత్తయిన కొండయినా 1,700 మీటర్లు దాటదు. ఇక్కడ కారు దిగే చోటే దాదాపు 3,300 మీటర్లు. వంగి బూట్ల తాళ్ళు బిగించుకుంటేనే ఆయాసం వచ్చేస్తుంది. దాహం వేయకపోయినా నీళ్ళు తాగుతూ ఉండాలి. కొత్త మంచు ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు తిప్పికొడుతుంది కాబట్టి సన్‌స్క్రీన్ గడ్డం కింద కూడా రాసుకోవాలి.

ఆ శిఖరాల మీదుగానే అమెరికా ఖండాన్ని రెండు వైపులకు పంచే జలవిభజన రేఖ పోతుంది. తూర్పు వాలు మీద పడిన మంచు కరిగి సౌత్ ప్లాట్, మిసోరీ, మిసిసిపీ నదుల మీదుగా మెక్సికో సింధుశాఖకు చేరుతుంది. పడమటి వాలు మీద పడింది కొలరాడో నదిలో కలుస్తుంది. దారిలో పొలాలకూ నగరాలకూ ఖర్చయిపోయి ఆ నీరు సముద్రం దాకా వెళ్ళేది అరుదు. డెన్వర్ కుళాయిల్లో వచ్చే నీళ్ళు చాలావరకు ఈ కొండల మీద పేరుకున్న మంచువే. మనం విసుక్కుంటూ తోడిపోసే ఈ మంచు పడని ఏడాది వేసవిలో ఇక్కడి రైతు ఆకాశం వైపు ఎలా చూస్తాడో, కరువు చూసిన ఊళ్ళ నుంచి వచ్చిన మనకు వేరే చెప్పక్కర్లేదు.

అద్దె సామాను ఇచ్చే చోట మొదటి ప్రశ్న, "రెగ్యులరా, గూఫీయా?" ఎడమకాలు ముందుంచి జారేవాళ్ళు రెగ్యులర్, కుడికాలు ముందుంచేవాళ్ళు గూఫీ. తెలియదంటే అక్కడి కుర్రాడు, "సాక్సులతో నున్నటి గచ్చు మీద పరుగెత్తి జారాలంటే ఏ కాలు ముందు పెడతారు?" అని అడిగాడు. కుడికాలే అనిపించింది. ఇన్ని గృహప్రవేశాలు చూసిన కాలు మరి! గూఫీ అని రాసుకుని, నిలబెడితే నా గడ్డం దాకా వచ్చే బోర్డు ఒకటి చేతికిచ్చాడు.

మా జట్టులో టెక్సస్ నుంచి వచ్చిన భార్యాభర్తలు, ఒక బ్రెజిల్ విద్యార్థి, కాలేజీ పిల్లలు ఇద్దరు, నేను. నేర్పేది అరవై దాటిన ఆవిడ, నెరిసిన జడ హెల్మెట్ కింద నుంచి వీపు మీదికి వేలాడుతోంది. బోర్డు మీద ఎలా నిలబడాలో చెబుతుందనుకుంటే, ఆవిడ ముందు ఎలా పడాలో చెప్పింది. బోర్డులు పక్కన పెట్టించి, ఉత్త బూట్లతోనే అందరినీ మంచులో పడమంది. ముందుకు పడితే మోకాళ్ళు ఆనించి, పిడికిళ్ళు బిగించి, ముంజేతుల మీద వాలాలి. వెనక్కి పడితే గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా వంచి, అలాగే కూర్చుండిపోవాలి. అరచెయ్యి చాపి నేలను ఆపబోకూడదు. పడేటప్పుడు ఎవరైనా అప్రయత్నంగా చేసే పని అదే. స్నోబోర్డు కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఎక్కువగా మణికట్టు విరిగేది అందుకే. "పడిపోతున్నామని తెలిశాక దాంతో పోట్లాడకండి, పడిపోండి. దెబ్బలు తగిలేది పోట్లాడేవాళ్ళకే" అంది ఆవిడ.

మంచులో పొర్లుతుంటే నవ్వొచ్చింది, కాస్త ఆశ్చర్యమూ కలిగింది. నేను చదువుకున్న చదువులో ఈ పాఠం లేదు. ఎంసెట్ ర్యాంకు తెచ్చుకోవడం ఎలాగో పగలూ రాత్రీ చెప్పారు. రాకపోతే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు; రాకపోవడం అనేది ఉండకూడదంతే. పరాయి దేశం వచ్చాక అది ఇంకా ముదిరింది. వీసా, ఉద్యోగం, ఇంటి అప్పు ఒకదానిమీద ఒకటి పేర్చుకున్న బతుకులో ఏ ఒక్కటీ జారడానికి వీల్లేదు. అందుకే మనలో చాలామంది ముప్పై దాటాక కొత్తగా ఏదీ మొదలుపెట్టరు. వచ్చిన పనే మళ్ళీ మళ్ళీ చేస్తూ, అది బాగా వచ్చని మెప్పు పొందుతూ ఉంటారు. ఆ కొండ మీద నాకు రాని పనిని అందరి ముందూ చేశాను. ఎవరూ మార్కులు వేయలేదు.

తర్వాత ఒక కాలే బోర్డుకు కట్టుకుని, రెండో కాలితో నేలను తోస్తూ చదును మీద నడవడం. ఆ తర్వాత మ్యాజిక్ కార్పెట్ అనే కదిలే బెల్టు మీద నిలబడి చిన్న వాలు ఎక్కడం. అక్కడ రెండు కాళ్ళూ కట్టేసుకుంటే అసలు ఆట మొదలవుతుంది. స్నోబోర్డులో ఉన్నదంతా రెండు అంచుల మధ్య వ్యవహారం. మడమల వైపు అంచు ఒకటి, కాలివేళ్ళ వైపు అంచు ఇంకొకటి. బోర్డును వాలుకు అడ్డంగా పెట్టి మడమల మీద బరువు వేస్తే అంచు మంచును పట్టుకుంటుంది, బోర్డు ఆగుతుంది. వేళ్ళను కొంచెం దించితే పట్టు సడలి నెమ్మదిగా కిందికి జారుతుంది. సరిగ్గా కుదిరినప్పుడు కోరాము మీద కొబ్బరి రాలినట్టు మంచు సన్నగా రాలుతుంది, ఆ చప్పుడు కూడా అదే. అలా ఎడమకూ కుడికీ ఊగుతూ దిగడాన్ని వీళ్ళు రాలుటాకు అంటారు. మొదటి పూటంతా అదే సాధన.

చిక్కు రెండో అంచుతో. వేళ్ళ వైపు అంచు మీద నిలబడాలంటే కొండ వైపు తిరగాలి, అంటే పోయే దారి వీపు వెనక ఉంటుంది. ఆ భయంతో కిందికి తొంగి చూస్తే బరువు మారి, పైకి లేచి ఉండాల్సిన అంచు మంచులో గుచ్చుకుంటుంది. ఇక తమాయించుకోవడానికి వ్యవధి ఉండదు, మనిషి వెల్లకిలా వెళ్ళిపోతాడు. హెల్మెట్ విలువ, గడ్డం ఛాతీకి ఆనించమన్న మాట విలువ అప్పుడు తెలుస్తాయి. నాకు బాగానే తెలిశాయి. మా టెక్సస్ దంపతులకు ఇంకా బాగా తెలిశాయి.

మలుపు తిరగడం దానికన్నా కష్టం, దానికి కారణం భయమే. వాలు చూడగానే ఒళ్ళు వెనక్కి వాలుతుంది. వెనక కాలి మీద బరువు పడితే బోర్డు ముందు భాగం తేలిపోతుంది, అప్పుడది చెప్పిన మాట వినదు, వేగం మాత్రం పెరుగుతుంది. బరువు ముందు కాలి మీదికి తెచ్చి, ఒక్క క్షణం బోర్డు మూతిని తిన్నగా కిందికి పోనిస్తేనే అది రెండో అంచు మీదికి మారుతుంది. నేర్పే ఆవిడ పక్కనే జారుతూ, "కాళ్ళను చూడకండి, ఎటు పోవాలో అటు చూడండి" అని అరిచేది. చూపు తిప్పితే భుజం తిరుగుతుంది, దాని వెంట నడుము, దాని వెంట బోర్డు. మధ్యాహ్నం దాటాక ఎప్పుడో ఆ వరస కుదిరింది. ఒక మలుపు, దాని వెంట ఇంకొకటి, మధ్యలో పడకుండా. పక్క నుంచి నాలుగేళ్ళ పిల్లలు సర్రున దాటిపోతూనే ఉన్నారు. అయితేనేం?

ఈ కొండల మీద నాకు బాగా నచ్చింది ఒక చట్టం. 1979 నాటి కొలరాడో స్కీ భద్రతా చట్టం ప్రకారం, కింద ఉన్నవాణ్ణి ఢీకొట్టకుండా చూసుకోవాల్సిన బాధ్యత ముఖ్యంగా పైనుంచి వచ్చేవాడిదే. పైవాడు ఎంత నిపుణుడైనా, ఎంత వేగంగా వస్తున్నా, తడబడుతూ దిగే కొత్తవాణ్ణి అతనే తప్పించుకుని పోవాలి. కిందివాడికీ కొన్ని బాధ్యతలున్నాయి. పైనుంచి కనబడని చోట, దారికి అడ్డంగా ఆగకూడదు. మళ్ళీ బయల్దేరే ముందు పైకి చూడాలి. బండి పెద్దదైతే దారి దానిదే అనే రోడ్ల మీద పెరిగినదాన్ని కదా, పడి లేస్తున్నవాడి పక్షాన ఒక రాష్ట్రం చట్టం చేసిందంటే ముచ్చటేసింది.

స్నోబోర్డర్లకు మాత్రం ఈ మర్యాద అంత సులువుగా దక్కలేదు. 1965 క్రిస్మస్ రోజున మిషిగన్ రాష్ట్రంలోని మస్కీగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన పిల్లల ఆట కోసం రెండు స్కీలను కలిపి బిగించాడు. అది 'స్నర్ఫర్' పేరుతో బజారుకెక్కింది. 1977లో జేక్ బర్టన్ కార్పెంటర్ వెర్మాంట్‌లో బోర్డుల కంపెనీ పెట్టాడు. కానీ తరాలుగా స్కీయింగ్ చేస్తున్న పెద్దలకు ఈ కుర్రకారు నచ్చలేదు. చాలా రిసార్టులు వీళ్ళను లిఫ్టు ఎక్కనివ్వలేదు. వెర్మాంట్‌లోని స్ట్రాటన్ 1983లో తలుపు తీసింది. 1998లో నగానో ఒలింపిక్స్‌లో స్నోబోర్డింగ్‌కు చోటు దొరికింది. అయినా యూటాలోని ఆల్టా, డీర్ వ్యాలీ, వెర్మాంట్‌లోని మ్యాడ్ రివర్ గ్లెన్ ఇప్పటికీ బోర్డులను రానివ్వవు. కొండ మీద కూడా ముందొచ్చినవాళ్ళు, తర్వాతొచ్చినవాళ్ళు అనే తేడా ఉంటుందన్నమాట. ఎవరు ఎటువైపో వలస వచ్చిన మనకు ఇట్టే అర్థమవుతుంది.

ఇది ఖర్చుతో కూడిన సరదా, దాచిపెట్టి లాభం లేదు. పెద్ద రిసార్టుల్లో సెలవురోజు అప్పటికప్పుడు కొంటే లిఫ్టు టికెట్టే 200 డాలర్లు దాటుతుంది. కొత్తవాళ్ళకు ఆ పెద్ద కొండలు, ఆ టికెట్లు అక్కర్లేదు. పాఠం, అద్దె సామాను, చిన్న వాలు మీది లిఫ్టు కలిపి ఇచ్చే ప్యాకేజీలు చిన్న రిసార్టుల్లో దొరుకుతాయి. పని రోజుల్లో ఇంకా చవక, జనమూ తక్కువ. జీన్స్ వేసుకుని వెళ్ళకండి. నూలు బట్ట తడిస్తే ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. నీళ్ళు దిగని ప్యాంటు, చేతొడుగులు, హెల్మెట్, మణికట్టు పట్టీలు తప్పనిసరి. అన్నిటికంటే ముఖ్యం, భర్త దగ్గరో స్నేహితుడి దగ్గరో నేర్చుకోకండి. వాళ్ళకు ఆట వచ్చి ఉండొచ్చు, మీకు పడటం నేర్పే ఓపిక ఉండదు. టీచర్ దగ్గర నేర్చుకుంటే సంసారం కూడా క్షేమంగా ఉంటుంది.

మర్నాడు ఒళ్ళంతా నొప్పులు, కుర్చీలో కూర్చోవాలంటే దిండు కావాలి. అయినా చలికాలం మీద నాకున్న కోపం తగ్గింది. ఇప్పుడు వాతావరణ వార్తల్లో మంచు పడుతుందంటే వాకిలి గుర్తొస్తుంది, దాంతోపాటు కొండ కూడా గుర్తొస్తుంది. ఇండియాలో ఉన్నవాళ్ళకూ దారులున్నాయి. గుల్‌మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ సంస్థ మంచు క్రీడలు నేర్పుతుంది, ఉత్తరాఖండ్‌లో ఔలి ఉంది. ఇక చలి దేశాల్లో ఉన్న నా ఈడు తెలుగు తల్లిదండ్రులకు ఒకటే మాట. ఈసారి పిల్లల పేరు రాయించేటప్పుడు ఆ కాగితం మీద మీ పేరు కూడా రాయించండి.