సెర్రలుంగా కషాయము

మద్యము ముట్టని యింట పుట్టిన మేము ఇటలీలో ద్రాక్షాసవమును వెదకికొనుచు పోయితిమన్న మీరు నవ్వుదురు గాబోలు. కాని మేము వెదకినది మందుగా పుట్టిన యాసవము.

పీడ్మాంటు సీమలో ఆల్బా పట్టణము విడిచి, ద్రాక్షతోటల నడుమ మెలికలు తిరుగు బాటవెంట సెర్రలుంగా గ్రామము చేరితిమి. కొండకొమ్మున 14వ శతాబ్దపు కోట సన్నగా, నిటారుగా నిలిచియున్నది. 19వ శతాబ్దము చివర జుసెప్పె కప్పెల్లానో యను ఔషధకారుడు బరోలో ద్రాక్షాసవమున సింకోనా పట్ట, రేవల్చిన్ని, జెన్షియను వేరు, ఏలకులు మొదలగువానిని నానవేసి, చక్కెరను మద్యసారమును చేర్చి 'బరోలో కినాతో'ను ప్రసిద్ధికి దెచ్చెను. సింకోనా పట్టయే క్వయినాకు తల్లి. చలిజ్వరపు క్రిమిని దోమ కడుపులో రోనాల్డు రాసు 1897లో మన సికింద్రాబాదునందే చూచెను గదా!

పడిసెము పట్టినపుడు ఈ సీమవారు దీనిని వెచ్చజేసి త్రాగెడివారు. 20వ శతాబ్దపు నడుమ అడుగువారు తగ్గిరి. కొలది కుటుంబములు మాత్రము విడువలేదు. 2009లో గతించిన తెయోబాల్దో కప్పెల్లానో వారిలో నొకడు. నేడు భోజనానంతరము చాక్లెట్టుతో నిచ్చుచున్నారు. మందు విందైనది, మాకది అంతగా నచ్చలేదు.

ఒక యంగడి యిల్లాలు చిన్న గ్లాసు మా ముందుంచెను. వాసన మాత్రము చూచితిమి. ముందు ఏలకులు, వెనుక చేదు: మా అమ్మమ్మ గది! పాళ్లడుగగా ఆమె నవ్వి, అవి చేయువారి యింటి గుట్టనెను. మా అమ్మమ్మయు చెప్పలేదు. ఆమె కషాయపు డబ్బా యింకను మాయింట నున్నది; అందలి వేళ్ల పేర్లు మాలో నెవరికిని తెలియవు.