ఏం కనపడింది?

లంకమల అడవిలో మా పని పొద్దు పొడవకముందే మొదలయ్యేది. ముందురోజు సాయంత్రం కలివి పొదల మధ్య మన్ను జల్లెడ పట్టి, పట్టీలాగా పరిచి, చెక్కతో చదును చేసి వచ్చేవాళ్ళం. జానెడు వెడల్పు, నాలుగైదు మీటర్ల పొడవు. రాత్రంతా దాని మీదుగా ఎవరెవరు నడిచిపోయారో తెల్లారి చూసి రాసుకోవాలి. కుందేలు, ముళ్ళపంది, కంజు, తీతువు. మాకు కావలసింది మాత్రం కలివి కోడి అడుగు. దానికి వెనక వేలు ఉండదు, ముందరి మూడే. తీతువు అడుగు కూడా మన్నులో ఇంచుమించు అట్లాగే పడుతుంది. అక్కడే చిక్కు.

ఆ చదువు నాకు మామ చెప్పినాడు. రక్తసంబంధం లేదు, ఊరి వరస. చిన్నతనంలో ఉచ్చులు వేసి కంజులు పట్టిన మనిషి. నేను పట్టీ పక్కన గొంతుక్కూర్చుంటే వెనక నిలబడి, "ఏం కనపడింది అల్లుడా?" అనేవాడు. జవాబు ముందుగా తాను చెప్పడు. నేను తప్పు చెబితే "మళ్ళా చూడు" అంటాడు, అంతే. బీఎస్సీ పూర్తయ్యాక వేరే ఉద్యోగం దొరక్క రోజుకూలి మీద ఆ పనిలో చేరాను. మూడేళ్ళ డిగ్రీలో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదని అప్పటికి నాకు తోచలేదు.

కలివి కోడి 1848లో శాస్త్ర గ్రంథాలకెక్కింది, జెర్డాన్ దొర పేరు తగిలించుకుని. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ మా జిల్లాలో వెతుకుతుండగా, రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే పిట్టల వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. మామ ఈ కథ చెప్పినప్పుడల్లా ఐతన్నతో మొదలుపెడతాడు.

కొన్నేళ్ళకు ఎమ్మెస్సీ చేసి, ఒక పెద్ద పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ సీటు తెచ్చుకున్నాను. అక్కడ అందరూ మర్యాదస్తులే. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. మొదటి రోజు నుంచి నన్ను పలకరించిన ప్రతి మనిషీ అడిగింది ఒకటే: "ఎక్కడ చదివారు?" చెప్పేవాణ్ణి. "ఓహో" అనేవాళ్ళు. ఆ తర్వాత మాట సాగేది కాదు. వాళ్ళలో వాళ్ళకు ఒకే కాలేజీలు, ఒకే సమ్మర్ స్కూళ్ళు, పరస్పరం తెలిసిన ప్రొఫెసర్లు. కాంటీన్‌లో నవ్వులన్నీ నాకు తెలియని మనుషుల గురించి. ఇంగ్లీషు చదవడం వచ్చు, రాయడం వచ్చు. జోకులు అందేవి కావు. నేను అర్థం చేసుకుని నవ్వే లోపల బల్ల దగ్గర మాట మారిపోయేది. ఆరు నెలలకు నా పళ్ళెం తీసుకుని తోటమాలి వాళ్ళు కూర్చునే వైపు పోవడం అలవాటైంది. అక్కడ వానల గురించి మాట్లాడుకోవచ్చు.

ఒక మధ్యాహ్నం మాత్రం మర్చిపోలేను. పొద అడవుల మీద సెమినార్. తెర మీద మేకల మంద బొమ్మ, కింద ఎర్రక్షరాల్లో "ఒత్తిడి". మేత ఆపితే పిట్టలన్నీ బాగుంటాయన్నట్టు సాగింది ప్రసంగం. నేను మేకలు కాచిన ఇంట్లో పుట్టినవాణ్ణి. కలివి కోడి రాత్రిపూట నేల మీద పరుగెత్తుతూ మేత ఏరుకునే పిట్ట. పొదలు కావాలి, పొదల మధ్య తెరిపి నేలా కావాలి. మంద బొత్తిగా రాకపోతే పొదలు కమ్ముకుపోయి దానికి కాలు పెట్టే చోటుండదు. మరీ ఎక్కువ మేస్తే దాక్కునే పొదే మిగలదు. ఈ నడిమి సంగతి మా నాయనకు తెలుసు, మామకు తెలుసు. మన్ను పట్టీల లెక్కలతో శాస్త్రజ్ఞులు అప్పటికే పత్రిక్కి ఎక్కించిన సంగతి కూడా. చెయ్యి సగం ఎత్తాను. "మేత" అన్న మాటకు ఇంగ్లీషు నోటి దాకా వచ్చింది, దాని వెనక రావలసిన వాక్యం రాలేదు. చెయ్యి దించి తల గోక్కున్నాను. తప్పంతా వాళ్ళదే అనను. నేను అడిగి ఉంటే వినేవాళ్ళేమో. కానీ వినడానికి సిద్ధంగా ఉండటం వేరు, నీకేం తెలుసో చెప్పమని అడగటం వేరు.

ఆ చలికాలంలో హాస్టల్ మిత్రుడొకడు తోడు కావాలని ఒక ఆదివారం అమీన్‌పూర్ చెరువుకు లాక్కుపోయాడు. హైదరాబాదు శివార్లలో, 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన చెరువు అది. పిట్టలు చూడటానికి వచ్చినవాళ్ళు గట్టు మీద ఇరవై మంది దాకా ఉన్నారు. రిటైరైన బ్యాంకు ఉద్యోగి, ఏడో తరగతి పిల్ల, ఒక దంత వైద్యురాలు, ఇద్దరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు. అక్కడేదో సమానత్వం వెల్లివిరిసిందని చెప్పను. కార్లున్నవాళ్ళే ఎక్కువ, కొందరి మెడలోని లెన్సు ఖరీదు మా నాయన మేకల మందంత. నాకు బైనాక్యులర్ కూడా లేదు. అయినా నేను ఒక దిక్కు చూస్తూ నిలబడితే ఆ బ్యాంకు పెద్దాయన పక్కకొచ్చి, తన బైనాక్యులర్ మెడలోంచి తీసి నా చేతికిస్తూ, "ఏం కనపడింది బాబూ?" అన్నాడు.

ఒక్క క్షణం మాట రాలేదు. తర్వాత, ఇంగ్లీషు పేరు తెలిసి కూడా, "పసుల పోలిగాడు సార్" అనేశాను.

ముందు నడుస్తున్నవాళ్ళు ఆగారు. ఏడో తరగతి పిల్ల నోట్‌బుక్ తెరిచింది. "మళ్ళీ చెప్పండి అంకుల్." తోక చీలిన ఆ నల్లపిట్టను పుస్తకాల్లో డ్రాంగో అంటారు. పసువుల వీపుల మీదెక్కి తిరుగుతుంది కాబట్టి మా తెలుగులో ఆ పేరు. ఆ పూట గట్టు చివరికి పోయేసరికి ఆ పిల్ల పుస్తకంలో తొమ్మిది తెలుగు పేర్లు చేరాయి. చెట్టు కింద ఇడ్లీలు తింటూ లెక్క చదివారు. అరుదైనవే కాదు, కాకులతో సహా ప్రతిదీ. ఎవరు ఏం చూశారో చెప్పేదాకా తర్వాతి పేరుకు పోలేదు.

1980లో బర్డ్ వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్‌గా మొదలై ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ అయిన సంఘం ఒకటుంది. వాళ్ళ పత్రిక పేరు 'పిట్ట' అని అక్కడే విన్నాను. ఇంట్లో వాడే మాట పత్రికకు పెట్టుకున్నారే అని ముచ్చటపడుతుంటే పెద్దాయన నవ్వి ఇంకోటి చెప్పారు. హిందీలో నవరంగ్ అంటారే, ఆ పిట్ట జాతికి 1816లో వియో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు 'పిట్టా'. అది మన తెలుగు మాటే. మా సంస్థ గ్రంథాలయంలో రెండేళ్ళుగా ఆ పేరు చదువుతూనే ఉన్నాను, లాటిన్ అనుకుని.

ఆ తర్వాత ఆదివారాలు తప్పలేదు. ఒకసారి వాళ్ళు అడిగితే మన్ను పట్టీల గురించి గంటసేపు తెలుగులో చెప్పాను, అడుగులు నేల మీద వేలితో గీసి చూపించాను. ప్రశ్నలు ఆగలేదు. వాటిలో మూడు నా థీసిస్‌లో అధ్యాయాలయ్యాయి. మరుసటి నెల అదే ప్రసంగం సంస్థలో ఇంగ్లీషులో ఇచ్చాను. వాక్యాలు తడబడ్డాయి గానీ మేకల దగ్గర ఆగలేదు. చివర్లో ఒకావిడ లేచి, "కంచె వేసిన చోట పొదలు ఎన్నేళ్ళకు కమ్ముకుంటాయి?" అని అడిగింది. ఆ సంస్థలో నేను ఎక్కడ చదివానో కాకుండా నాకేం తెలుసో అడిగిన మొదటి ప్రశ్న అది. జవాబు నా దగ్గర లేదు, అదే చెప్పాను. ఇప్పుడు ఆవిడా నేనూ కలిసి దాని మీదే పనిచేస్తున్నాం.

నిరుడు ఆ పని మీదే లంకమలకు పోయాను. మామకు చూపు తగ్గింది, పట్టీల దాకా నడవలేడు. జీపు దిగి వాళ్ళింటికి పోయేసరికి నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నా చెప్పుల చప్పుడుకే గుర్తుపట్టాడు.

"ఏం కనపడింది అల్లుడా?"

"ఏం లేదు మామా. ఉత్త తీతువులే."

"ఉత్త తీతువులేందిరా," అన్నాడు. "ఎన్ని?"

నోట్‌బుక్ తీసి చదవడం మొదలుపెట్టాను.