మందు లెక్క

మా ఇంట్లో మందు అన్న మాటకి మూడు అర్థాలున్నాయి. అత్తగారు పొద్దున్నే వేసుకునే బి.పి. బిళ్ళ మొదటిది. మావారి కొట్లో బీరువాల నిండా ఉండే పురుగుమందు రెండోది. మూడోదేమిటో నేను చెప్పక్కర్లేదు, మీకు తెలుసు. ఈ మూడోదానికీ రెండోదానికీ చుట్టరికం ఎలా కలిసిందో చెబుదామనే ఈ నాలుగు ముక్కలూ.

మాది చిలకలూరిపేట. గుంటూరు జిల్లా అని రాయడం చేతికి అలవాటైపోయింది గాని 2022 నుంచీ మేం పల్నాడు జిల్లా వాళ్ళం. జిల్లా పేరు మారితేనేం, నల్లరేగడి అదే, ప్రత్తి అదే, మిరపా అదే. పురుగుమందుల కొట్టు లేని బజారు మా వైపు కనబడదు. ఇన్ని డబ్బాలు అమ్మిన డీలరుకి కంపెనీ వాళ్ళు వెండి గిన్నె చేతిలో పెట్టే రోజులు పోయాయి. ఇప్పుడు బాంకాకు, పట్టాయా తిప్పుతారు. ఇంకాస్త ఎక్కువ అమ్మితే భార్యకీ టిక్కెట్టు. 2023లో నేను థాయిలాండు చూసింది ఆ టిక్కెట్టు మీదే.

బుద్ధుడి గుళ్ళు ఎన్ని చూశారంటే మా బస్సులో మగవాళ్ళు తెల్లమొహం వేస్తారు గాని, బీర్ల మీద మాత్రం అందరూ డాక్టరేటు పుచ్చుకుని వచ్చారు. అక్కడ ముఖ్యమైనవి మూడు. సింఘా, చాంగ్, లియో. సింఘా అంటే మన సింహమే. వాళ్ళు చివర 'హా' పలకరు, 'సింగ్' అంటారు. 1933లో పెట్టిన కంపెనీది. సీసా మెడ మీద గరుత్మంతుడు కూడా ఉంటాడు, అది వాళ్ళ రాజుగారి ముద్ర. చాంగ్ అంటే ఏనుగు. 1995లో వచ్చింది. ఆకుపచ్చ సీసా మీద రెండు ఏనుగులు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి, మధ్యలో నీళ్ళ ఫౌంటెను. అచ్చం మన గజలక్ష్మి పటమే, లక్ష్మీదేవి మాత్రం లేచి వెళ్ళిపోయింది! ఆవిడ ఎందుకు వెళ్ళిందో నాకు తెలుసు. లియో మీద చిరుతపులి. తమాషా ఏమిటంటే సింహమూ చిరుతా ఒకే కంపెనీవి. ఖరీదు పెట్టగలవాడికి ఒకటి, పెట్టలేనివాడికి ఒకటి. మన బట్టల కొట్లో లేదూ, ఒకే మిల్లు చీర రెండు పేర్లతో?

రుచి సంగతి. నేను తాగానా అని అడక్కండి. మూడింట్లోనూ చెంచాడు చెంచాడు నోట్లో వేసుకున్నాను, సాక్ష్యం చెప్పడానికి సరిపోయేటంత. సింఘా చేదు. మెంతులు నానేసిన నీళ్ళలాంటి, కాస్త మర్యాదస్తురాలైన చేదు. చాంగ్ తియ్యగా మొదలై నాలిక మీద జిడ్డులా ఉండిపోతుంది. లియోకి చేదూ లేదు, తీపీ లేదు, పలచన. మావారి ఓటు సింఘాకి. పక్క సీటు అద్దంకి అన్నయ్యగారు లియో దాటి రానన్నారు. దుకాణంలో పెద్ద సీసా అరవై, డెబ్భై బాట్ల మధ్య ఉండేది. అప్పట్లో బాట్ అంటే మన రెండున్నర రూపాయల దరిదాపు. సింఘాకి మిగతావాటి కన్నా నాలుగైదు బాట్లు ఎక్కువ. సముద్రం ఒడ్డున కుర్చీ వేసి ఇస్తే అదే సీసాకి ఇంకా ఎక్కువ. పైగా అక్కడివాళ్ళు బీరులో ఐసుముక్కలు వేసుకుంటారు. "డబ్బిచ్చి నీళ్ళు కొనడమా!" అని మావాళ్ళు గిలగిల్లాడారు. ఇంకో కష్టం కూడా వచ్చింది. అప్పుడు మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా దుకాణాల్లో సీసా అమ్మేవారు కాదు. రెండూ పదికి వెళ్ళిన మావాళ్ళకి కౌంటరు దగ్గరి పిల్ల మాట్లాడకుండా గడియారం చూపించింది. పది మంది షావుకార్లు బడిపిల్లల్లా సీసాలు మళ్ళీ బీరువాలో పెట్టేశారు. ఆ పిల్లని మా పేట తీసుకొద్దామనిపించింది.

భోజనానికి వెళ్తే పచ్చిబొప్పాయి తురుము రోట్లో దంచి పెట్టారు. సోమ్ తమ్ అంటారు. తమ్ అంటే దంచడమేట. మన రోటిపచ్చడికి చెల్లెలే. ఆ కారం తినలేక గుంటూరు మగధీరులు సింఘా వెంట సింఘా పోశారు. మంట తగ్గందే! తగ్గదు కూడా. మిరప మంట నీళ్ళలో కరిగేది కాదు, బీరు చాలామటుకు నీళ్ళే. పాలకీ పెరుగుకీ లొంగుతుంది. హోటలు మొత్తంలో ఒక్క గ్లాసు మజ్జిగ లేదు. మన తేజ మిరపకాయ థాయిలాండుకీ ఎగుమతవుతుంది. మనం పండించి పంపిన కారమే అక్కడ మనల్ని ఏడిపించిందేమో!

"ఎంత తాగినా ఫ్రీయే కదా" అన్నారు మావారు. కొట్లో పద్దులు రాసేది నేను. ఫ్రీ అన్న మాట నా పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు.

ఆ ట్రిప్పుకి సరిపడా డబ్బాలు ఎప్పుడు అమ్ముడుపోయాయో తెలుసా? 2021-22లో. ఆ యేడు మిరపకి నల్ల తామరపురుగు పట్టింది. పువ్వులో దూరి పువ్వునే తినేసింది. అది ఆగ్నేయాసియా నుంచి మన దేశానికి వచ్చిన పురుగు, అంటే మేం విహారానికి వెళ్ళిన దిక్కునుంచే. ఏ మందు పని చేస్తుందో తెలియక రైతులు వారానికో కొత్త డబ్బా పట్టుకుపోయారు. కౌలు రైతు ఒకాయన పద్దు నాకు ఇప్పటికీ కళ్ళముందుంది. ఆరు వారాల్లో పదకొండు సార్లు మందు, అన్నీ అప్పు ఖాతాలోనే. కల్లంలో చివరికి తేలింది తాలుకాయలు. "అమ్మాయ్, ఇంకేదన్నా గట్టి మందుంటే ఇప్పించమ్మా" అని ఆయన అడిగితే, "ఇక కొట్టకండి బాబాయ్, డబ్బు దండగ" అన్నాను. లోపల్నుంచి మావారు దగ్గారు. అది నన్ను ఆపడానికి దగ్గిన దగ్గు. ఆయన అటువైపు కొట్టుకి వెళ్ళి పన్నెండోది కొన్నాడు.

ఇది కొత్త కథేం కాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ప్రత్తికి తెల్లదోమ వచ్చినప్పుడూ ఇంతే. మందు కొట్టినకొద్దీ దోమని తినే మంచి పురుగులు చచ్చాయి, దోమ పెరిగింది. అప్పుల పాలైన రైతుల్లో కొందరు చేలో మిగిలిన ఆ మందే తాగారు. మందు అన్న మాటకి అర్థాలు మూడని మొదట్లో రాశాను గాని, మా వైపు నాలుగోది కూడా ఉంది. దాన్ని ఎవరూ బయటికి అనరు.

అంచేత నా లెక్క మావారి లెక్కతో కలవదు. ఆయన సింఘా డెబ్భై బాట్లు, లియో అరవై అంటారు. నా పుస్తకంలో మూడిటి ఖరీదూ ఒక్కటే. అది బాట్లలో లేదు, ఆ కౌలు రైతు పేరు కింద ఉంది. వడ్డీతో సహా.

ఇంటికొచ్చాక వడ్డీ కొట్టేయించాను. నాలుగు రోజులు మాటల్లేవు మా ఇద్దరికీ. అసలు మాత్రం ఆయన ఇంకా కడుతూనే ఉన్నాడు.

మొన్న మళ్ళీ కంపెనీ కార్డు వచ్చింది. ఈసారి వియత్నాం. కింద అమ్మవలసిన అంకె వేసి ఎర్రగీత గీశారు. "ఏమోయ్, అక్కడి బీరు కూడా బాగుంటుందట, వస్తావా?" అన్నారు మావారు. ఎవరెవరి పేరు మీద ఎన్ని డబ్బాలు రాస్తారో ముందు చెప్పండి, పద్దు చూసి చెబుతానన్నాను.