కాన్పు గది మా చేతికొచ్చాక

సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సుగా చేరిన కొత్తలో నా మనసును బాగా కలతపెట్టిన సంగతి ఒకటుంది. రాత్రి డ్యూటీలో లేబర్ రూమ్ నిండా నొప్పులతో ఉన్నవాళ్లే. డాక్టర్ మేడం ఓటీలోనో క్యాజువాలిటీలోనో ఉండేది. బయటికొస్తున్న తల ఎవరి కోసమూ ఆగదు కదా, బిడ్డను పట్టేది మేమే. మాయ పడేదాకా చూసుకునేదీ, బిడ్డను తల్లి రొమ్ముకు పట్టించేదీ మేమే. తెల్లారి కేస్ షీట్ చూస్తే ఆ కాన్పు ఇంకొకరి పేరున ఉండేది. అంతా సవ్యంగా జరిగితే ఆ రాత్రి సంగతి ఎవరూ అడగరు. రక్తం ఎక్కువ పోతే మాత్రం మొట్టమొదట వచ్చే మాట, 'సిస్టర్ ఏం చేస్తోంది?'

నర్సుల అసంతృప్తి అనగానే జీతాలు, డబుల్ డ్యూటీలు, సిబ్బంది కొరత గుర్తొస్తాయి. అవన్నీ నిజం, నేనూ పడ్డాను. కానీ కాళ్లు వాచేదాకా నిలబడి ఇంటికెళ్లిన రోజుల్లో హాయిగా నిద్రపోయానని నాకు గుర్తుంది. పెద్దగా కేసులు లేని రాత్రి గడిచాక నిద్ర పట్టని పగళ్లూ గుర్తున్నాయి. నన్ను అలిసిపోయేలా చేసింది పని బరువు ఒక్కటే కాదు. ఈమెకు ఇంకా టైముంది, ఆగుదాం అని నాకు తెలిసినా ఆ మాట చెప్పే హోదా నాకు లేకపోవడం. చెప్పకుండా చేసేస్తే తప్పు నాది, చెయ్యకుండా ఆగితే జాప్యం నాది.

ఈ పరిస్థితి ఒక్కరోజులో రాలేదు. ఒకప్పుడు ఊళ్లో ఏఎన్ఎం అంటే ముందు కాన్పులు చేసే మనిషి. 1973లో కర్తార్ సింగ్ కమిటీ సిఫార్సుల తర్వాత ఆమె బహుళార్థ ఆరోగ్య కార్యకర్త అయింది. టీకాలు, కుటుంబ నియంత్రణ, మలేరియా రక్త నమూనాలు, రిజిస్టర్లు అన్నీ వచ్చి చేరాయి. కాన్పులు మెల్లగా ఊరు వదిలి దవాఖానలకు చేరాయి, దవాఖానలో అవి డాక్టర్ల చేతికి వెళ్లాయి. ఇక మా తెలంగాణలో అయితే ఆపరేషనే కాన్పు అన్నంత దాకా వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటులో 81, సర్కారు దవాఖానల్లో 44. ముహూర్తం పెట్టించుకుని వచ్చి, ఆ గడియకే బిడ్డను బయటికి తీయమన్నవాళ్లను నేనే చూశాను. గంటలకొద్దీ ఓపికగా పక్కన కూర్చునే మనిషి లేని చోట కత్తి తొందరగా బయటికొస్తుంది.

2017లో రాష్ట్ర ప్రభుత్వం, యూనిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి సర్కారు నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. కోర్సు 18 నెలలు. తర్వాతి బ్యాచుల్లో ఒకదానిలో నాకు సీటొచ్చింది. అప్పటికే ఎన్నో కాన్పులు చేసినదాన్ని, ఇంకేం నేర్పుతారులే అనుకునే వయసూ కాదు నాది, తెలుసుకోవాలనే వెళ్లాను. తొలికాన్పు అనగానే కోత పెట్టడం, వచ్చినవాళ్లందరికీ నొప్పుల డ్రిప్ వేలాడదీయడం, వెల్లకిలా పడుకోబెట్టి 'ముక్కమ్మా, ముక్కు' అని అరవడం, పొట్ట మీద నొక్కడం... వీటిలో ఎన్ని అక్కర్లేనివో, ఎన్ని కీడు చేసేవో అక్కడ ఒక్కొక్కటిగా విప్పి చూపించారు. ఎడమవైపు తిప్పి పడుకోబెట్టడం, నడిపించడం, మోకాళ్ల మీద వంగి మంచం పట్టుకోనివ్వడం నేర్పారు.

తిరిగొచ్చాక అసలు కథ మొదలైంది. మా యూనిట్ మేడం మొదట్లో ఒప్పుకోలేదు. ఆమె భయంలో న్యాయం ఉంది. "సిస్టర్, మీరు చేస్తారని నాకు తెలుసు. కానీ రేపేదైనా అయితే బంధువులొచ్చి పట్టుకునేది నా గల్లా" అంది. అందుకే ఇద్దరం కూర్చుని ఒక కాగితం రాసుకున్నాం. ఒకే బిడ్డ, తల కిందికి, 37 వారాలు నిండి, బీపీ, షుగర్, పాత ఆపరేషన్ ఏవీ లేకపోతే ఆ కేసు మిడ్‌వైఫ్‌ది. బీపీ 140/90 తాకినా, బిడ్డ గుండె 110 కన్నా తగ్గినా 160 దాటినా, ఉమ్మనీరు పచ్చగా కనిపించినా, కాన్పయ్యాక రక్తం 500 మిల్లీలీటర్లు పోయినా మేడంకి ఫోన్. ఫోన్ చేస్తే 'ఎందుకు చేశావ్' అని అడగకూడదు. ఈ చివరి షరతు నేనే పెట్టాను. ఆ కాగితంలో అన్నిటికన్నా విలువైంది అదేనని ఇప్పటికీ అంటాను.

ఒక రాత్రి సంగతి చెబుతాను. తొలిచూలు పిల్ల, 5 సెంటీమీటర్ల దగ్గర వచ్చింది. రెండు గంటలయ్యేసరికి బయట అత్తగారికి ఓపిక పోయింది. "సిస్టరమ్మా, పిల్ల గింతగనం తన్లాడుతున్నది, మేడంకు చెప్పి పెద్దాపరేషన్ జేయించున్రి" అని తలుపు దగ్గర ఒకటే గొడవ. పాత రోజుల్లో అయితే మేడంని లేపేదాన్ని, మేడం కూడా ఆ ఒత్తిడికి ఒక డ్రిప్ రాసేది. ఆ రాత్రి అత్తగారిని లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. కోడలికి తోడుగా ఉండమన్నాను. అరగంటకోసారి బిడ్డ గుండె వింటూ, ఆ చప్పుడు అత్తగారికి కూడా డాప్లర్‌లో వినిపించాను. చార్ట్‌లో చుక్క పెట్టిన ప్రతిసారీ 'పిల్ల మంచిగనే ఉన్నది, ముందుకే పోతున్నది' అని చెప్పాను. మా వార్డు ఆయమ్మ ఆ పిల్ల నడుము రుద్దుతూనే ఉంది. తెల్లవారుజామున ఆ పిల్ల నిలబడి, అత్త మెడ పట్టుకుని వేలాడుతూ నొప్పులు తీసింది. తర్వాత పక్కకు తిరిగి పడుకుని బిడ్డను కన్నది. కోత లేదు, ఒక్క కుట్టూ పడలేదు. నిమిషంలోపే తొడకు 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇచ్చి, బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగేదాకా బిడ్డను తల్లి రొమ్ము మీదే ఉంచాను. కేస్ షీట్‌లో కాన్పు చేసినవారు అన్నచోట నా పేరు రాసి సంతకం పెట్టాను. ఇరవై ఏళ్ల వయసులో నర్సింగ్‌లో చేరినప్పుడు నేను ఊహించుకున్న ఉద్యోగం అదే.

ఇంకో రాత్రి వేరేలా జరిగింది. అంతా బాగానే ఉందనుకుంటుండగా ఉమ్మనీరు చిక్కటి ఆకుపచ్చ రంగులో వచ్చింది. నొప్పి తగ్గాక కూడా బిడ్డ గుండె 100 దగ్గరే నిలిచింది. ఫోన్ చేశాను. మేడం ఒకే మాట అడిగింది: "ఓటీ రెడీ చేయించనా?" నేను అవునన్నాను. ఆమె మెట్లెక్కి వచ్చేసరికి రక్తం, కేథటర్, సంతకాలు అన్నీ సిద్ధం. బిడ్డ ఏడ్చింది. ఆ కాన్పు నా ఖాతాలోది కాదు. అయినా సొంతంగా చేసిన కాన్పుకు ఎంత తృప్తిపడతానో ఆ రాత్రికీ అంతే తృప్తిపడ్డాను. నా మాట మీద ఓటీ లైట్లు వెలిగాయి మరి. తర్వాత మేడం కూడా ఒక మాటంది. మామూలు కాన్పుల కోసం పరుగెత్తడం తగ్గాక, ఫిట్స్‌తో వచ్చిన కేసు పక్కన నిలకడగా నిలబడగలుగుతున్నానని. పని పంచుకుంటే ఆమె స్థాయి తగ్గలేదు. ఆమె మాత్రమే చేయగలిగిన పనికి సమయం దొరికింది.

నా కింద ఉన్నవాళ్లకు నేనేం ఇచ్చానన్నది కూడా చెప్పాలి. ఆయమ్మలంటే బెడ్‌షీట్ మార్చు, నేల తుడువు, బిడ్డను ఎత్తుకుపో అని పురమాయించడమే మా దగ్గర అలవాటు. మా ఆయమ్మకు ఈ గదిలో నాకన్నా ఎక్కువ అనుభవం. ఆమెకు రెండు పనులు పూర్తిగా అప్పజెప్పాను. నొప్పుల్లో తోడుండడం ఒకటి, కాన్పయిన మొదటి రెండు గంటలు ప్యాడ్ చూస్తూ ఉండడం రెండోది. పొట్ట మీద చెయ్యి వేసి నొక్కొద్దని, మందు ఏదీ ముట్టొద్దని కూడా అంతే స్పష్టంగా చెప్పాను. ఒక మధ్యాహ్నం నేను ఇంకో మంచం దగ్గరుండగా ఆమె వచ్చింది. "సిస్టరమ్మా, మూడో బెడ్డామె ప్యాడు ఇంత జల్దిన మళ్ల తడిసింది, జర వచ్చి చూడున్రి" అంది. వెళ్లి చూస్తే గర్భసంచి మెత్తబడి ఉంది. మర్దన చేసి, డ్రిప్ పెట్టి, మేడంని పిలిచాం. రక్తం ఆగింది. ఆ సాయంత్రం డ్యూటీ అప్పగించేటప్పుడు ఆ సంగతి ముందు కనిపెట్టింది ఆయమ్మేనని అందరిముందూ చెప్పాను, రిజిస్టర్‌లోనూ రాశాను. అప్పటినుంచి డ్యూటీ అప్పగించేచోటికి ఆమె తనే వచ్చి నిలబడుతోంది. ఏ మంచం మీద ఎవరికి ఎలా ఉందో చెబుతోంది.

అయితే పని పంచుకోవడం అనే పేరు చెప్పి జరిగే అన్యాయం కూడా ఉంది, దాన్ని దాచలేను. పని కిందికి దించుతారు, దానితో పాటు దిగాల్సిన జీతం, పోస్టు, రక్షణ పైనే ఉండిపోతాయి. ఆయమ్మ ఏజెన్సీ కింద కాంట్రాక్టు మనిషి, ఎన్ని ప్రాణాలు కాపాడినా ఆమె రెన్యువల్ కాగితం మారదు. నాతో చదివిన ఒకామెను శిక్షణ పూర్తయ్యాక ఆమె దవాఖానలో జనరల్ వార్డుకు వేశారు, అక్కడ నర్సులు తక్కువని. ఏడాదిన్నర చదువు సెలైన్ సీసాలు మార్చడానికి పోయింది. ఫోన్ చేస్తే ఏడ్చేది. ఇంకోపక్క మేం చేయనక్కర్లేని పని మా నెత్తిన అలాగే ఉంది. ఆన్‌లైన్ ఎంట్రీలు, కిట్ల లెక్కలు, ఇండెంట్లు, ఉతకడానికి వేసిన గుడ్డల లెక్కలు. మా దగ్గర కొన్నాళ్లు ఒక డేటా ఎంట్రీ కుర్రాడు ఉన్నాడు. ఆ కొన్నాళ్లు ప్రతి తల్లి దగ్గరా కూర్చోగలిగాం. అతన్ని తీసేశాక మళ్లీ కంప్యూటర్ ముందుకి వచ్చాం. మిడ్‌వైఫ్‌కు విడిగా కేడర్, లేబర్ రూమ్ దాటించి వేయకూడదన్న నిబంధన, ఒక గుమాస్తా. మేం అడుగుతున్నది ఇంతే.

ఇప్పుడు మా దగ్గరికి కొత్తగా శిక్షణ పొందిన అమ్మాయిలు వస్తున్నారు. వచ్చిన మొదటి రోజే ఆ కాగితం వాళ్ల చేతిలో పెడతాను. ఏ కేసు నీది, ఏది నాది, ఏది మేడంది, ఏ అంకె దగ్గర ఫోన్ తీయాలి అన్నీ చదివిస్తాను. రాత్రి ఎన్ని గంటలకైనా సరే, అనుమానమొస్తే నన్ను లేపమంటాను. మొన్న ఒకమ్మాయి రెండుసార్లు లేపింది. రెండుసార్లూ బిడ్డ గుండె బాగానే ఉంది. లేపినందుకు మంచిపని చేశావని చెప్పి, తర్వాతి కేసు కూడా ఆమెకే ఇచ్చాను.